మాటిమాటికీ జ్వరం, "మీవాళ్లకి రాదు" అన్న జబ్బు: హైదరాబాద్‌లో మేం వెళ్లిన జెనెటిక్ కౌన్సెలింగ్ క్లినిక్ ఎలా ఉందంటే

సూటిగా చెప్పేస్తాను. పిల్లలకి జీన్ టెస్టు చేయించాలా వద్దా అని తర్జనభర్జన పడుతున్నవాళ్లు ఉత్త టెస్టు చేయించుకుంటే డబ్బులూ పోతాయి, టెన్షనూ మిగులుతుంది. మీ ఇంటి సంగతులు ఓపిగ్గా విని, రిపోర్టును తెలుగులో విడమరిచి చెప్పే కౌన్సెలర్ ఉన్నచోటికి వెళ్తే మాత్రం ఖర్చు గురించి బాధపడరు. మేం వెళ్లింది బంజారాహిల్స్ వైపు ఉన్న ఒక ప్రైవేటు క్లినిక్‌కి. పేరు రాయడం లేదు, ఎందుకంటే మెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి, నిలదీయాల్సినవీ ఉన్నాయి, పైగా మాకు మేలు చేసిన కౌన్సెలర్ రేపు ఇంకోచోటికి మారినా మారొచ్చు. ఎక్కడికి వెళ్లినా ఏం చూసుకోవాలో తెలిస్తే చాలు.

ముందు మా సంగతి. మా అబ్బాయికి హైస్కూల్లో చేరిన దగ్గర్నుంచీ ఒక రకం జ్వరం పట్టుకుంది. పొద్దున బాగానే స్కూలుకెళ్తాడు, సాయంత్రానికి 103 జ్వరం, కడుపు చెక్కలా గట్టిపడుతుంది, చెయ్యి వెయ్యనివ్వడు, మోకాళ్లు ముడుచుకుని గోడవైపు తిరిగి పడుకుంటాడు. రెండు రోజులు అలా నరకం చూసి, మూడో రోజు ఎవరో స్విచ్ ఆపినట్టు తగ్గిపోయి లేచి అన్నం పెట్టమంటాడు. మళ్లీ కొన్ని వారాలకి అదే వరస. టైఫాయిడ్ అని యాంటీబయాటిక్స్ వాడారు, నులిపురుగులన్నారు, టీబీ పరీక్షలు చేశారు, అత్తయ్య దిష్టి తీశారు. ఒక హాస్పిటల్లో రాత్రికి రాత్రి అపెండిక్స్ తీసేశారు, తర్వాత బయాప్సీలో అందులో ఏ జబ్బూ లేదని వచ్చింది. ఆపరేషన్ అయ్యాక కూడా జ్వరం రావడం మానలేదు.

చివరికి కీళ్ల జబ్బులూ ఇలాంటి వాపు జబ్బులూ చూసే ఒక రుమటాలజిస్టు మేం రాసుకున్న తేదీలన్నీ చూసి, వాడి కాలు మీద, చీలమండకి కాస్త పైన జ్వరంతో పాటు వచ్చే ఎర్రటి మచ్చను ఫోన్లో ఫోటోగా చూపిస్తే, దాన్ని పెద్దది చేసి చాలాసేపు చూసి, "ఫ్యామిలియల్ మెడిటరేనియన్ ఫీవర్ కావచ్చు, ఎఫ్‌ఎంఎఫ్ అంటారు" అన్నారు. ఇంకో అభిప్రాయం కోసం వేరే పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన ఫైలు తెరవకుండానే, "అది యూదులకీ, ఆర్మేనియన్లకీ వచ్చే జబ్బమ్మా, మీవాళ్లకి ఎందుకొస్తుంది?" అనేశారు. ఆ ఒక్క మాటే మమ్మల్ని జెనెటిక్ కౌన్సెలింగ్ దాకా తీసుకెళ్లింది. పేషెంటు ఏ జాతివాడో చూసి జబ్బు ఉందో లేదో తేల్చేయొచ్చా అన్నదే నా ప్రశ్న.

క్లినిక్‌లో మొదటి అనుభవం ఏమంత బాగోలేదు. ఫోన్ ఎత్తరు, ఎత్తినా హోల్డులో పెడతారు. సంతకం పెట్టాల్సిన కన్సెంట్ ఫారం పేజీలకి పేజీలు ఇంగ్లీషులోనే ఉంది. హైదరాబాద్‌లో పెట్టుకున్న క్లినిక్‌లో తెలుగు, ఉర్దూ ఫారాలు లేకపోవడం నాకు అసలు నచ్చలేదు. పిల్లాడి డీఎన్ఏ శాంపిల్‌ని పరీక్ష అయ్యాక ఉంచుకుంటారా, పారేస్తారా, పరిశోధనకి వాడతారా అనేది ఆ ఫారంలోనే ఒక మూల ఉంటుంది. సంతకానికి ముందు అది అడిగి తెలుసుకోండి, వద్దనుకుంటే ఆ గడిలో టిక్కు పెట్టకండి, దాన్నిబట్టి టెస్టు ఆపరు.

కౌన్సెలర్ గదిలోకి వెళ్లాక మాత్రం వేరే లోకం. ఆవిడ కంప్యూటర్ వైపు తిరగకుండా ఒక తెల్లకాగితం అడ్డంగా పెట్టుకుని పెన్సిలుతో మా వంశవృక్షం గీయడం మొదలుపెట్టారు. మగవాళ్లకి చతురస్రం, ఆడవాళ్లకి సున్న, పోయినవాళ్ల మీద అడ్డగీత, మేనరికం అయితే భార్యాభర్తల మధ్య ఒక గీతకి బదులు రెండు గీతలు. మామగారు అత్తయ్యకి సొంత మేనబావ, ఆ సంగతి చెప్పడానికి మావారు కొంచెం మొహమాటపడ్డారు. ఆవిడ మాత్రం "మన దగ్గర ఇది మామూలే కదండీ, నాకు లెక్క కోసం కావాలి, అంతే" అని రెండో గీత గీసి ముందుకెళ్లిపోయారు. తప్పు చేసినట్టు చూడలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. ఎందుకు కావాలో తర్వాత చెప్పారు: ఇలాంటి జబ్బు సాధారణంగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, ఆ జీన్ రెండు కాపీలూ దెబ్బతింటేనే వస్తుంది, దగ్గర బంధువులు పెళ్లి చేసుకుంటే ఒకే పాత మార్పు రెండువైపుల నుంచీ వచ్చి కలిసే అవకాశం పెరుగుతుంది.

తర్వాత అత్తయ్య వైపు తిరిగి, "అమ్మా, మీ పుట్టింట్లో చిన్నతనంలో జ్వరాలతో బాధపడ్డవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. అత్తయ్య కాసేపు ఆలోచించి, "మా పెద్ద తమ్ముడికి ఇలాగే వచ్చేదమ్మా. మూడు పొద్దులు మంచం దిగేవాడు కాదు, తర్వాత మామూలే. పెళ్లయిన కొన్నాళ్లకే కిడ్నీలు పోయి పోయాడు" అన్నారు. మా ఇంట్లో ఆ మాట అంతవరకూ ఎవరికీ తెలియదు. ఆ పోయినాయన ఫోటో హాల్లో దండతో ఉంటుంది, ఎలా పోయాడని ఏ డాక్టరూ అడగలేదు, మాకు చెప్పాలని తోచలేదు. కౌన్సెలర్ ఆ చతురస్రాన్ని సగం నల్లగా దిద్ది పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. అది ఈ జబ్బే అని ఆవిడా అనలేదు, నేనూ అనను. కానీ కిడ్నీ మాట వినగానే ఆవిడ ఎందుకు ఆగారో చెప్పాలి. మందు లేని రోజుల్లో ఈ జ్వరాలు మాటిమాటికీ వస్తూ ఉంటే అమైలాయిడ్ అనే ప్రొటీన్ కిడ్నీల్లో పేరుకుపోయి, చాలామంది అలాగే చనిపోయేవాళ్లు. జ్వరం తగ్గినా లోపల వాపు నడుస్తూనే ఉండొచ్చు, అందుకే జ్వరం లేనప్పుడు కూడా వాపును కొలిచే రక్తపరీక్ష సీఆర్‌పీ, మూత్రంలో ప్రొటీన్ చూసుకోవాలి. ఆ రోజే మా వాడి యూరిన్ టెస్టు రాయించారు, ప్రొటీన్ లేదని వచ్చేవరకూ నాకు అన్నం సహించలేదు.

ఇక ఆ జబ్బు, ఆ జాతుల సంగతి. ఆవిడ చెప్పినదీ, ఇంటికొచ్చాక నేను చదివినదీ కలిపి రాస్తున్నాను.

1945లో న్యూయార్క్‌లో షెపర్డ్ సీగల్ అనే డాక్టరు ఈ కడుపునొప్పి జ్వరాలను ప్రత్యేకమైన జబ్బుగా రాశారు. తర్వాత ఇజ్రాయెల్‌లో డాక్టర్లు ఉత్తర ఆఫ్రికా, ఇరాక్ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబాల్లో కుప్పలుగా చూసి 1958లో ఇప్పటి పేరు పెట్టారు. టర్కీ వాళ్లలో, ఆర్మేనియన్లలో, సిరియా, లెబనాన్, పాలస్తీనా, జోర్డాన్ వైపు అరబ్బుల్లో కూడా ఎక్కువే. ఆర్మేనియన్లలో సుమారుగా ప్రతి 5 నుంచి 7 మందిలో ఒకరు మార్పు ఉన్న జీన్ కాపీ ఒకటి మోస్తుంటారు, వాళ్లలో ఎక్కువమందికి ఏ బాధా ఉండదు. 1997లో రెండు వేర్వేరు అంతర్జాతీయ బృందాలు దాదాపు ఒకేసారి ఆ జీన్‌ని పట్టుకున్నాయి. 16వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, పేరు ఎంఈఎఫ్‌వీ, అది తయారుచేసే ప్రొటీన్ పైరిన్.

నాకు ఇందులో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది ఒకే మార్పు వేర్వేరు జాతుల్లో దొరకడం. వీ726ఏ అనే మార్పు ఇరాకీ యూదుల్లో, యూరప్ నుంచి వచ్చిన అష్కనాజీ యూదుల్లో, సిరియా, లెబనాన్ వైపు ఉండే డ్రూజ్ అనే మతస్థుల్లో, ఆర్మేనియన్లలో ఉంది. మార్పు ఒక్కటే కాదు, దానికి అటూ ఇటూ ఉన్న డీఎన్ఏ ముక్క కూడా ఒకేలా ఉంది. అంటే అది ఎక్కడికక్కడ విడిగా పుట్టింది కాదు, ఈ మతాలూ భాషలూ వేర్వేరు దారులు పట్టకముందు ఎవరో ఒక ఉమ్మడి పూర్వీకుడి దగ్గర పుట్టి వాళ్లందరికీ పంచబడింది. ఈనాడు ఒకరి మొహం ఒకరు చూసుకోని జనాలు కూడా ఒకే ముత్తాతముత్తాతల జ్వరాన్ని మోస్తున్నారు.

మరి అంత బాధపెట్టే మార్పు వేల ఏళ్లు ఎందుకు నిలిచింది? 2020లో అమెరికాలో డాన్ కాస్ట్‌నర్ గారి బృందం టర్కీ వాళ్ల డీఎన్ఏ మీద చేసిన పనిలో దీనికి ఒక జవాబు దొరికింది. పైరిన్ మన కణాల్లో కాపలా కాసే ప్రొటీన్, సూక్ష్మజీవి వదిలే విషం కణంలో ఒక స్విచ్‌ని పాడుచేస్తే ఇది పసిగట్టి వాపును రేపుతుంది. ప్లేగు బాక్టీరియా ఆ పైరిన్ నోరు నొక్కేయగలదు. ఎఫ్‌ఎంఎఫ్ మార్పులున్న పైరిన్‌ని మాత్రం అంత తేలిగ్గా నొక్కలేకపోయింది. కాబట్టి ప్లేగులు ఊళ్లను తుడిచిపెట్టిన రోజుల్లో ఒక కాపీ ఉన్నవాళ్లు ఎక్కువగా బతికి ఉండొచ్చని వాళ్ల వాదన. మహమ్మారి తగ్గినందుకు 1591లో చార్మినార్ కట్టారని చెప్పుకునే ఊళ్లో ఉంటాం కాబట్టి నాకు ఇది ఎక్కడో దూరదేశపు కథలా అనిపించలేదు. అప్పట్లో మేలు చేసిన ఆ కాపలా ఇప్పుడు రెండు కాపీలున్న పిల్లల్లో షార్ట్ సర్క్యూట్ అయిన కాలింగ్ బెల్ మాదిరి గుమ్మంలో ఎవరూ లేకపోయినా మోగుతుంది, ఆ మోతే ఈ జ్వరం.

టెస్టుకి రక్తమే తీశారు. మా బావగారు అప్పటికే ఆన్‌లైన్‌లో ఉమ్మి పరీక్ష కిట్ తెప్పించి, "ఇందులో మన పూర్వీకులు ఎవరో శాతాల్లో చెప్తారట, అదే చాలదా?" అన్నారు. చాలదు. ఆ కిట్లు డీఎన్ఏలో అక్కడక్కడ ఎంచుకున్న చోట్లే చూస్తాయి, జీన్‌ని మొదటి నుంచి చివరిదాకా చదవవు. దక్షిణ ఆసియా ఇంత శాతం అని రంగురంగుల మ్యాపు వస్తుంది, దాన్ని చూసి పిల్లాడికి మందు ఇవ్వాలో వద్దో తేల్చలేం. సరదాకి చేయించుకుంటే మీ ఇష్టం, జబ్బు కోసం మాత్రం డాక్టరు రాసిచ్చిన టెస్టే. మాది జ్వరాలకి సంబంధించిన చాలా జీన్‌లను ఒకేసారి చూసే ప్యానెల్, కౌన్సెలింగ్‌తో కలిపి 20 వేలకి అటూ ఇటూగా అయింది.

నా అసలు ఫిర్యాదు ఇక్కడే. రిపోర్టు చెప్పిన గడువు దాటిపోయింది, అడిగితే ల్యాబ్ నుంచి రాలేదన్నారు. తీరా వచ్చాక కౌన్సెలర్‌తో మాట్లాడించకుండా రాత్రిపూట ఈమెయిల్‌కి పీడీఎఫ్ పంపేశారు. అందులో ఎంఈఎఫ్‌వీ జీన్‌లో ఈ148క్యూ, ఒక కాపీ, ప్రాముఖ్యం స్పష్టంగా తెలియదు అని ఉంది. అది చూసి ఇంట్లో ఎవరికీ నిద్రలేదు. ఫ్యామిలీ గ్రూపులో బావగారు ఇంటర్నెట్ చదివి, మావారి వాళ్లది బందరు కాబట్టి, "పూర్వం మచిలీపట్నం రేవులో ఆర్మేనియన్లు, పర్షియన్లు వ్యాపారం చేసేవాళ్లు కదా, మన రక్తంలో వాళ్లెవరో ఉన్నారన్నమాట" అని రాశారు. ఇంకొకరు గోల్కొండ వజ్రాల వ్యాపారం ఎత్తారు. అత్తయ్య మనసు కష్టపెట్టుకున్నారు. పిల్లాడి ఆరోగ్యం పక్కకిపోయి వంశం గురించి పంచాయితీ మొదలైంది. ఇలాంటి రిపోర్టును మనిషి పక్కన లేకుండా మెయిల్లో పడేయడం చాలా తప్పు, వాళ్లకి ఆ మాట మొహం మీదే చెప్పాను. రిపోర్టు ముందు కౌన్సెలర్‌కే పంపి, మీరు వచ్చినప్పుడే ఇమ్మని టెస్టు రోజే రాసివ్వండి.

రెండో సిటింగ్‌లో ఆవిడ ఒక్కొక్కటే విప్పారు. ఈ148క్యూ అనేది ఆర్మేనియన్ల ముద్ర కాదు. మన ఉపఖండంలో, చైనా, జపాన్‌లలో కూడా చాలామందిలో కనిపించే మామూలు తేడా, ఏ జబ్బూ లేనివాళ్లలో బోలెడంతమందికి ఉంటుంది. అది ఉందని వంశంలో విదేశీయుడిని వెతకడం కుదరదు, అది ఉందని జబ్బు ఖాయం చేయడమూ కుదరదు. తీవ్రంగా వచ్చే ఎం694వీ లాంటి మార్పులు మా వాడికి లేవు. అలాగని ఎఫ్‌ఎంఎఫ్ కాదనీ కొట్టెయ్యలేం, ఎందుకంటే లక్షణాలన్నీ సరిపోయి మందుకి లొంగిన వాళ్లలో కూడా కొందరికి ఆ జీన్‌లో ఏ మార్పూ దొరకదు. "రిపోర్టు ఇక్కడితో ఆగింది, ఇక నిర్ణయం మీ రుమటాలజిస్టుది. బాబు లక్షణాలు, పరీక్షలు, మందుకి ఎలా స్పందిస్తాడు, ఆయన చూడాల్సింది ఇవి" అని ఆవిడ అన్నప్పుడు, డబ్బు తీసుకున్న టెస్టు గురించి ఇంత నిజాయితీగా చెప్పేవాళ్లు ఉంటారా అనిపించింది.

జాతి గురించి కూడా ఆవిడని అడిగేశాను. మరి ఆ పెద్ద డాక్టరు అన్నది తప్పేనా? పూర్తిగా తప్పు కాదన్నారు. ఉప్పుగూడలో 17వ శతాబ్దపు ఆర్మేనియన్ల సమాధులున్న ఊరు ఇది, ఇరానీ కుటుంబాలున్నాయి, బార్కస్‌లో యెమెన్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బుల వారసులున్నారు. ఎవరి పూర్వీకులు ఎక్కడివాళ్లో అడగడం డాక్టరుకి పనికొచ్చే ప్రశ్నే. ఆ జవాబు విని అనుమానం పెంచుకోవచ్చు, పేషెంటును చూడకుండా పంపేయకూడదు, అంతే తేడా. మన దగ్గరా అలాంటివి లేకపోలేదు. వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్ అప్పుడు కండరాలు సడలడానికి ఇచ్చే స్కోలిన్ మందు ఒంట్లో విరగక శ్వాస తిరిగి రావడం ఆలస్యమవుతుంది, అందుకే మత్తుడాక్టర్లు ముందే అడుగుతారు. హబ్సిగూడలో ఉన్న జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీలో లాల్జీ సింగ్, తంగరాజ్ గార్లు హార్వర్డ్ వాళ్లతో కలిసి 2009లో ప్రచురించిన పరిశోధనలో తేలింది కూడా ఇదే కోవలోది: మన దేశంలో చాలా కులాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి మొదలై, తరతరాలుగా తమలోతామే పెళ్లిళ్లు చేసుకున్నాయి. ఆర్మేనియన్లకి జరిగిందే ఇక్కడ వందల గుంపుల్లో జరిగింది, వాళ్ల జబ్బులకి పేర్లు పెట్టి లెక్కలు కట్టారు, మనవి చాలావాటికి ఇంకా ఎవరూ కట్టలేదు. అందుకే "మీవాళ్లకి రాదు" అన్న మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. రాదో, చూడలేదో ముందు తేలాలి కదా.

మా రుమటాలజిస్టు కాల్చిసిన్ మొదలుపెట్టారు. గౌట్ అనే కీళ్లవాపు జబ్బుకి వాడే పాత మందు ఇది, 1972లో బోస్టన్‌లో గోల్డ్‌ఫింగర్ అనే డాక్టరు ఎఫ్‌ఎంఎఫ్ పేషెంట్లకి ఇస్తే జ్వరాలు రావడం ఆగిందని రాశారు, అప్పటినుంచీ ఈ జబ్బుకి అదే మొదటి మందు, కిడ్నీలను కాపాడేదీ అదే. చిన్న మాత్ర, ఖరీదు కూడా తక్కువే, అంత పెద్ద టెస్టు చేయించాక చేతిలో పెట్టింది ఇదా అనిపించేంత తక్కువ. మన అడవినాభి దుంపలోనూ, గింజల్లోనూ ఇదే పదార్థం ఉంటుంది, కానీ ఎవరైనా దుంప అరగదీసి తాగమంటే దయచేసి వినకండి, డోసు కొంచెం మించినా ప్రాణాంతకం. మొదట్లో మా వాడికి విరేచనాలు పట్టుకున్నాయి, డోసు సర్దాక కుదుటపడింది. గొంతునొప్పికో దగ్గుకో వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే కాల్చిసిన్ వాడుతున్నట్టు తప్పకుండా చెప్పాలి, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌తో కలిస్తే ప్రమాదం. ఆ సంగతి మాకు మొదట చెప్పింది కూడా కౌన్సెలరే, మందుల చీటీ వెనక ఎర్ర పెన్నుతో రాసిచ్చారు. జ్వరాలు బాగా తగ్గాయి. వచ్చినా ఒక పూటలో పోతున్నాయి, వాడు స్కూలు మానడం లేదు.

వెళ్లాలనుకునేవాళ్లకి: జ్వరం వచ్చిన తేదీ, ఎన్ని గంటలు ఉంది, ఎక్కడ నొప్పి, ఇవి డైరీలో రాసుకెళ్లండి. మచ్చలు వస్తే ఫోటో తీయండి, జ్వరం ఉన్నప్పుడూ లేనప్పుడూ చేయించిన సీఆర్‌పీ రిపోర్టులు రెండూ పెట్టుకోండి. ఇంట్లో పెద్దావిడని తప్పకుండా వెంట తీసుకెళ్లండి, వంశంలో ఎవరు ఎలా పోయారో వాళ్లకే తెలుస్తుంది. ప్రైవేటులో ఖర్చు భరించలేకపోతే నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ఉప్పల్‌లో డీఎన్ఏ పరీక్షలు చేసే ప్రభుత్వ సంస్థ సీడీఎఫ్‌డీ ఉంది, అక్కడ కనుక్కోండి. మేం వెళ్లిన చోట కౌన్సెలింగ్‌కి ఐదుకి ఐదు ఇస్తాను. ఫ్రంట్ డెస్కుకీ, రిపోర్టు పంపిన తీరుకీ రెండు కూడా ఎక్కువే.

బావగారు తమ పిల్లలకి కూడా అదే టెస్టు చేయిద్దామన్నారు. వాళ్లకి ఏ లక్షణమూ లేదు కాబట్టి ఇప్పుడు అక్కర్లేదనీ, ఈ148క్యూ ఒక కాపీ కనిపిస్తే ఉత్త భయమే మిగులుతుందనీ, జ్వరాలు మొదలైతే మాత్రం వెంటనే తీసుకురమ్మనీ కౌన్సెలర్ ఫోన్లోనే చెప్పేశారు, దానికి ఫీజు కూడా తీసుకోలేదు.